ఈకల ఈగలకు ఇంటిపేర్లు చెప్పిన మేరీ

మనకు శ్రావణ భాద్రపదాలంటే గోదారికి ఎర్రనీరు వచ్చే రోజులు. పులస ఎదురెక్కి వస్తుందని ఎదురుచూసే రోజులు. అందుకే కాబోలు, ఆగస్టు నెలలో ఏరంటే నా కళ్ళముందు బురద రంగులో పరుగెత్తే వరద నీరే మెదులుతుంది. ఆ లెక్క అన్నిచోట్లా చెల్లదని అమెరికా వెళ్ళినప్పుడు గానీ తెలియలేదు నాకు.

మా తమ్ముడు న్యూయార్కు రాష్ట్రంలో ఆల్బనీ అనే ఊళ్ళో ఉంటాడు. ఆగస్టు నెలలో నేను వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు ఒక శనివారం పక్క రాష్ట్రమైన వెర్మాంట్‌కు తీసుకెళ్ళాడు. కారులో గంటన్నర ప్రయాణం. పచ్చటి కొండల మధ్య మాంచెస్టర్ అని చిన్న ఊరు. దాని పక్కనే బ్యాటెన్‌కిల్ అనే ఏరు. కిల్ అన్నారు కదా అని భయపడక్కర్లేదు, పాత డచ్చివాళ్ళ భాషలో ఆ మాటకు ఏరు అనే అర్థం. ఆ నీళ్ళు చూసి ఆశ్చర్యపోయాను. ఎండాకాలం చివరికొచ్చి ఏరు బాగా తగ్గిపోయింది. ఉన్న కాస్త నీరూ అద్దంలా ఉంది. అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.

నడుంపైదాకా వచ్చే రబ్బరు పంట్లాం తొడుక్కుని ఒక పెద్దావిడ నీళ్ళలో నిలబడి ఉంది. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. చేతిలో సన్నటి పొడుగాటి గాలపు కర్ర. అయితే ఆవిడ గాలం వెయ్యలేదు. తాడుకు కట్టిన థర్మామీటరును నీళ్ళలో ముంచి కాసేపు ఉంచింది. తీసి చూసుకుని, తల అడ్డంగా ఊపి గట్టెక్కేసింది. మా వాడు పలకరించి సంగతేమిటని అడిగాడు. నీటి వేడి వాళ్ళ లెక్కలో 70 డిగ్రీలు దాటిందట. అంటే మన లెక్కలో 21 పైనే. ఈ వేడిలో ట్రౌట్ చేపను పట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలేసినా అది బతకదు, అందుకని ఈ పూటకు ఇంటికి పోతున్నానంది. చేపలు పట్టడానికి వచ్చి, చేప ఆయాసపడుతుందని వెనక్కి పోయే మనిషిని నేను అదే మొదటిసారి చూడడం.

ట్రౌట్ అంటే చన్నీటి చేప. మన దేశంలోనూ ఇంగ్లీషువాళ్ళు కాశ్మీరులోనూ నీలగిరుల్లోనూ తెచ్చి వదిలారు గానీ, మన మైదానపు నదుల్లో బతకదు. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. అదే వేడికి చేప ఒంటికి మాత్రం ప్రాణవాయువు ఇంకా ఎక్కువ కావాల్సి వస్తుంది. 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలు. పాతిక దాకా పోయి అక్కడే నిలిచిందంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఎండాకాలం చివర్లో అవి ఊటనీరు ఊరేచోటా, చల్లటి పిల్లకాలువ వచ్చి కలిసేచోటా, చెట్టునీడ పడే లోతు మడుగుల్లోనూ చేరి కదలకుండా ఉంటాయట. తెల్లవారుజామున నీళ్ళు చల్లబడి ఉన్న ఆ రెండు మూడు గంటలే వాటి భోజనవేళ.

అప్పుడైనా ఏది పడితే అది తినవు. నీళ్ళు అద్దంలా ఉంటాయి కనుక మనిషి నీడ పడితే చాలు, మాయం. వసంతంలో నీళ్ళలోంచి రెక్కలొచ్చి లేచే పెద్ద ఈగలు ఆగస్టుకి అయిపోతాయి. పొద్దున్నే ఏటిమీద నువ్వుగింజంత నల్ల ఈగలు మబ్బులా లేస్తాయి, అవి కొన్ని గంటల్లోనే రాలిపోతాయి. మిగిలిన పూటంతా గడ్డి గట్లమీంచి గాలికి కొట్టుకొచ్చి నీళ్ళలో పడే మిడతలు, చీమలు, కుమ్మరి పురుగుల్లాంటివే చేపకు తిండి. ఆ పూట అది ఏం తింటోందో గ్రహించి, అచ్చం అలాంటి బొమ్మ ఈగనే గాలానికి కట్టి, నీటిమీద చప్పుడు కాకుండా వాలేటట్టు విసరాలి. ఈ బొమ్మ ఈగలనే ఫ్లై అంటారు. ఎర అంటే వానపాము గుచ్చడమే తెలిసిన నాకు ఇదంతా పెళ్ళిసందడిలా అనిపించింది, చెప్పొద్దూ.

ఆవిడ తన పెట్టె తెరిచి చూపించింది. మన కుంకుమభరిణెలాంటి చిన్న చిన్న అరలు. అరకొక రకం. కోడిపుంజు మెడ ఈకలు, బాతు ఈకలు, పట్టుదారం, జరీలాంటి సన్నటి తీగ. అన్నీ కొక్కేల మీద చుట్టి కట్టినవి. వాటిలో ఒకటి నన్ను ఆపేసింది. తెల్లటి రెక్కలు, నడుముకి ఎర్రపట్టు, ఆ పట్టుకి అటూ ఇటూ ఆకుపచ్చా నీలమూ కలిసి మెరిసే నూగు. ఆ మెరుపు నాకు తెలియకపోవడమేమిటి? మూడో తరగతి వాచకంలో దాచుకుని, పిల్లలు పెడుతుందని రోజూ తీసి చూసుకున్న నెమలీక అది! మన నెమలి ఆ కొండల్లో, ఆ చిన్న కొక్కెం మీద కూర్చుని ఉంది. దాని పేరు రాయల్ కోచ్‌మన్ అని చెప్పింది ఆవిడ. ఆ పేరు ఎలా వచ్చిందో మొదట పుస్తకంలో రాసిపెట్టింది ఈ ఊరి ఆడపడుచేనని కూడా చెప్పింది.

ఆ ఆడపడుచు పేరు మేరీ ఆర్విస్ మార్బరీ. ఆ రోజునుంచి ఆవిడ గురించి దొరికింది దొరికినట్టు చదివాను. గాలం పట్టేవాళ్ళ లోకంలో ఎంత పేరున్న మనిషో, ఆ లోకం దాటితే అంత తెలియని మనిషి.

మేరీ 1856లో మాంచెస్టర్‌లో పుట్టింది. ఆ ఏడాదే వాళ్ళ నాన్న చార్లెస్ ఆర్విస్ ఆ ఊళ్ళో చేపల వేటకు కావలసిన సరుకుల దుకాణం మొదలుపెట్టాడు. కూతురూ కంపెనీ కవలపిల్లలన్నమాట. ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది. న్యూయార్కు, బోస్టన్ నగరాల్లోని డబ్బున్నవాళ్ళు ఎండాకాలం గడపడానికి రైలెక్కి ఆ కొండల్లోకి వచ్చేవారు. చార్లెస్ అన్నదమ్ముల్లో ఒకరు వాళ్ళకోసం పెద్ద హోటలు నడిపేవాడు. వచ్చినవాళ్ళకు పొద్దుపోవాలి కదా, ఏటి ఒడ్డున గాలాలు పట్టుకుని నిలబడేవారు. వాళ్ళకు కర్రలు, దారం చుట్టుకునే చక్రాలు అమ్మేవాడు చార్లెస్. 1874లో ఆయన పేటెంటు తీసుకున్న చిల్లుల చక్రం తరవాత వచ్చిన చక్రాలకు ఒరవడి అయింది.

కర్రా చక్రమూ ఒక ఎత్తు, ఫ్లై ఒక ఎత్తు. కర్ర కొంటే పదేళ్ళుంటుంది. ఫ్లై చెట్టుకొమ్మకు చిక్కుకుంటే ఆ పూటే పోతుంది. ఆడవాళ్ళకు వేరే చెప్పాలా, పట్టుచీర ఒకసారి కొంటాం, జాకెట్టు హుక్కులు ఎన్నిసార్లు కొంటాం? రోజూ ఖర్చయ్యే సరుకు ఊళ్ళోనే తయారవ్వాలని చార్లెస్‌కు తోచింది. 1876లో న్యూయార్కు నుంచి జాన్ హెయిలీ అనే పనివాణ్ణి పిలిపించి, తన కూతురికి ఫ్లైలు కట్టడం నేర్పించాడు. మేరీకి అప్పటికి ఇరవయ్యేళ్ళు.

ఇది ఎలాంటి పనో కాస్త చెప్పాలి. కొక్కెం చిటికెన వేలి గోరంత, ఒక్కోసారి అందులో సగం. దానిమీద మైనం పూసిన పట్టుదారం చుట్టాలి. తోకకు రెండు మూడు ఈకపోగులు. ఒంటికి ఉన్నిగానీ, నెమలీక నూగుగానీ, పట్టుగానీ. మెడ దగ్గర కోడిపుంజు ఈకను గుండ్రంగా చుట్టి తిప్పితే అవి పురుగు కాళ్ళలా విచ్చుకుంటాయి. రెక్కలకు బాతు ఈకలో ఎడమవైపుదొకటీ కుడివైపుదొకటీ సరిగ్గా జత కలిపి నిలబెట్టాలి. చివర ముడి. ముడి కాస్త వదులైనా మొదటి విసురుకే అంతా విడిపోతుంది. ఆ కాలంలో ఇంకో తంతు కూడా ఉండేది. ఫ్లైకి కట్టే సన్నటి పోగు ఇప్పటిలా నైలానుది కాదు, పట్టుపురుగు కడుపులోని పట్టుగ్రంథిని సాగదీసి తీసిన తీగ. పొడిగా ఉంటే పుటుక్కున తెగేది, వాడబోయే ముందు నీళ్ళలో నానబెట్టాలి. నెమలి, కోడిపుంజు, పట్టుపురుగు! నీళ్ళకి ఏ సంబంధమూ లేని ఇన్ని ప్రాణులు కలిస్తేగానీ ఒక చేప దొరికేది కాదు.

మరుసటి ఏడు, 1877లో, జాన్ మార్బరీ అనే ఆయనతో మేరీకి పెళ్ళయింది. ఆ కాపురం ఎక్కువ కాలం సాగలేదు. కథలు రాసే చెయ్యి కనుక ఇక్కడ నాలుగు పేజీలు అల్లబుద్ధేస్తుంది. అల్లను. పని మాత్రం ఆగలేదన్నది నిజం. కంపెనీలో ఫ్లైలు కట్టే విభాగమంతా ఆవిడ చేతికొచ్చింది. ఊళ్ళో అమ్మాయిలను చేర్చుకుని, నేర్పి, కిటికీల వెలుతురులో బల్లల దగ్గర కూర్చోబెట్టి కట్టించేది. దేశం నలుమూలలనుంచీ ఉత్తరాల మీద ఆర్డర్లు వచ్చేవి. ఆ అమ్మాయిలు కట్టిన ఈగలు వాళ్ళెన్నడూ చూడని ఏళ్ళలో, చెరువుల్లో తేలేవి, మునిగేవి. ఇది చదువుతున్నప్పుడు నాకు మన నరసాపురం లేసు గుర్తొచ్చింది. ఏ దేశపు బల్లమీద పరుస్తారో తెలియకుండా గుమ్మాల్లో కూర్చుని అల్లే మన ఆడవాళ్ళ వేళ్ళు గుర్తొచ్చాయి. మేరీ పేరైనా పుస్తకం అట్టమీద మిగిలింది, ఆవిడ పక్క బల్లల వాళ్ళ పేర్లు ఏ ఫ్లైకీ అంటుకోలేదు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఉత్తరంలో ఒకాయన నాకు ఫలానా పేరుగల ఫ్లై డజను పంపండి అని రాస్తాడు. ఆ పేరుకి మేన్ రాష్ట్రంలో ఒక రూపం, న్యూయార్కులో ఇంకో రూపం. ఒకచోట రెక్క తెలుపు, ఇంకోచోట బూడిదరంగు. ఒకే ఫ్లైకి మూడు ఊళ్ళలో మూడు పేర్లు. మన వంకాయకూర అన్నట్టే, ఏ ఇంట్లో అడిగితే ఆ ఇంటి కూర వస్తుంది! వసంతంలో వరదనీటి మీద ఇది చెల్లుతుందేమో. నీరు నిండుగా, వేగంగా, కాస్త మసకగా ఉన్నప్పుడు చేప ఆకలిమీద ఏదో ఒకటి అందుకుంటుంది. ఎండాకాలం చివర సన్నబడిన నీటిలో అలా కాదు. ఒక్క ఈక రంగు మారినా చేప దగ్గరకొచ్చి, చూసి, తిరిగిపోతుంది. వందల మైళ్ళ దూరంనుంచి తెప్పించుకున్న డజను ఫ్లైలూ వృథా. అది కట్టిన అమ్మాయి శ్రమా వృథా.

దీనికి పేర్లెందుకు, నంబర్లు పెడితే సరిపోదా అని కొందరు వాదించేవారు. ఒకసారి ఆర్విస్ ఇంటివాళ్ళూ స్నేహితులూ చేరి ఇదే వాదులాడుకుంటున్నారు. రాయల్ కోచ్‌మన్ కథ అక్కడిదే. అంతకుముందునుంచే ఇంగ్లండునుంచి వచ్చిన కోచ్‌మన్ అనే ఫ్లై ఉంది. కోచ్‌మన్ అంటే బండి తోలేవాడు. ఇంగ్లండు రాజుల బండి తోలిన టామ్ బాస్‌వర్త్ అనే ఆయన దాన్ని కట్టాడని చెబుతారు. దాని ఒళ్ళంతా నెమలీక నూగే. అందంగా ఉంటుంది గానీ గట్టిది కాదు, చేప పళ్ళకి ఇట్టే తెగిపోతుంది. 1878లో జాన్ హెయిలీ, అదే మన మేరీకి పని నేర్పిన గురువు, అడవుల్లోకి వేటకు పోయే ఒకాయనకోసం అవి గట్టిగా కట్టాల్సి వచ్చింది. నూగు ఊడిపోకుండా నడుం మధ్యలో ఎర్రపట్టు బిగించి చుట్టాడు. పనిలో పనిగా అడవి బాతు చారల ఈక తోకగా పెట్టాడు. చూడముచ్చటగా ఉందని ఒక నమూనా ఆర్విస్‌వాళ్ళకు పంపాడు. నంబర్లా పేర్లా అన్న ఆ వాదనలో ఈ కొత్త ఫ్లై సంగతి వచ్చింది. ఇది కోచ్‌మనూ కాదు, కాకుండానూ పోదు, దీన్నేమని పిలుస్తారని ఒకరు అడిగారు. అందులో చిక్కేముంది, ఇంత సింగారించుకుంది కనుక రాజుగారి కోచ్‌మన్ అనమన్నాడు మేరీకి బాబాయి వరసయ్యే ఎల్.సి. ఆర్విస్. రాయల్ కోచ్‌మన్ అయింది. నంబర్లు ఓడిపోయాయి. ఆ పూట అక్కడున్న మేరీ ఇది మరిచిపోలేదు, ఏళ్ళ తరవాత తన పుస్తకంలో ఎక్కించింది. తెగిపోకూడదని కట్టిన ఎర్రపట్టు అందానికి పేరు తెచ్చుకోవడం చూస్తే, చిరుగు కనబడకుండా కొంగుకు అంచు కుట్టి మెప్పులు పొందిన మా అమ్మమ్మ చీర గుర్తొచ్చింది నాకు.

చిక్కు తీరాలంటే దేశంలో ఎవరెవరు ఏ నీళ్ళలో ఏ ఫ్లై వాడుతున్నారో తెలియాలి. చార్లెస్ ఆర్విస్ దేశమంతటా వేటగాళ్ళకు ఉత్తరాలు రాశాడు. మీ ప్రాంతంలో మీకు నచ్చిన ఫ్లైలు ఏవి, ఏ కాలంలో వాడతారు, ఎలా వాడతారు? జవాబులు కట్టలు కట్టలుగా వచ్చాయి. 38 రాష్ట్రాలనుంచి 200 మందికి పైగా రాశారు. వాటన్నిటినీ చదివి, విడదీసి, ప్రాంతాలవారీగా పేర్చి, ఒక్కొక్క ఫ్లై పుట్టుపూర్వోత్తరాలు వెతికి రాసే పని మేరీ మీద పడింది. పగలు కట్టే బల్ల, ఆ పైన ఈ ఉత్తరాల కుప్ప.

ఆ పుస్తకం 1892లో బోస్టన్‌లో హౌటన్ మిఫ్లిన్ కంపెనీ వేసింది. పేరు ఫేవరిట్ ఫ్లైస్ అండ్ దెయిర్ హిస్టరీస్. అంటే అభిమాన ఫ్లైలు, వాటి చరిత్రలు. 500 పేజీలకు పైన. 32 రంగుల పటాలు, వాటిలో 290 ఫ్లైలు. రంగుకొక రాతిపలక చొప్పున ఒకదాని మీద ఒకటి అద్ది వేసిన ఆ పటాలు ఇప్పటికీ కళ్ళు చెదిరేలా ఉంటాయి. మునిగే ఫ్లైలు, చెరువు ఫ్లైలు, సాల్మన్ చేపకు వేరే, బాస్ చేపకు వేరే, ట్రౌట్‌కు వేరే. నాలుగైదేళ్ళలోనే మళ్ళీ మళ్ళీ అచ్చయింది. అమెరికాలో ఇక పేరు చెబితే రూపం ఖాయం. బోస్టన్‌లో అడిగినా ఒరెగాన్‌లో అడిగినా పుస్తకంలో పటం చూపించి ఇదీ అని కట్టించుకోవచ్చు.

ఎండిపోయిన జాబితాలా ఉంటుందేమోనని భయపడుతూ తెరిచాను. కాదు. ఫ్లై కనబడితే చాలు, అది ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని ఆవిడ వెతుకుతుంది. ప్రొఫెసర్ అనే పసుపురంగు ఫ్లై ఒకటుంది. స్కాట్లాండులో జాన్ విల్సన్ అనే ప్రొఫెసరుగారు ఏటి దగ్గర ఉండగా తెచ్చుకున్న ఫ్లైలన్నీ అయిపోయాయట. గట్టుమీద పూసిన బటర్‌కప్ అనే పసుపుపచ్చ పూల రేకలు తెంపి కొక్కేనికి కట్టి, రెక్కలకు బదులు గడ్డిపోచలు జోడించి విసిరితే చేపలు పట్టేసుకున్నాయట. ఆ తరవాత అదే రూపాన్ని పసుపు పట్టుతో కట్టారు. ఇలాంటి కథ చెప్పాక ఆ ఫ్లై పేరు ఎవరైనా మరిచిపోతారా? నంబరుకి కథ ఉండదుగా.

మేరీకి నాలుగువందల ఏళ్ళ ముందే ఇలాంటి లెక్క ఒకటి రాసి ఉంది. 1496లో ఇంగ్లండులో గాలపు వేటమీద అచ్చయిన ఒక చిన్న గ్రంథంలో 12 ఫ్లైలు ఏ నెలకు ఏవో, ఆగస్టు దాకా చెప్పారు. దాన్ని రాసింది జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని అని చాలాకాలం చెప్పుకున్నారు. పండితులు ఒప్పుకోవడం లేదనుకోండి. అయినా ఈ మగవాళ్ళ వినోదానికి తొలి పుస్తకం ఒక ఆడమనిషి పేరుమీద చెలామణీ కావడం నాకు నచ్చింది.

1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. మన వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ జరిగిన సందర్భం అదే. ఆ ప్రదర్శనకు మేరీ పెద్ద పెద్ద పలకలు తయారుచేసింది. ఒక్కో పలకలో ఒక్కో ప్రాంతపు ఏళ్ళ, చెరువుల ఫోటోలు, వాటి చుట్టూ ఆ నీళ్ళలో పనికొచ్చే అసలు ఫ్లైలు. ఏ నీటికి ఏది అన్న జ్ఞానమంతా గోడకు వేలాడదీసిందన్నమాట. మాంచెస్టర్‌లో 1968లో పెట్టిన ఫ్లై ఫిషింగ్ మ్యూజియంలో ఆ పలకలు భద్రంగా ఉన్నాయి. ఇన్నేళ్ళయినా ఈకల రంగు పెద్దగా వెలవలేదు. ఫోటోలే గోధుమరంగులోకి తిరిగాయి.

ఇంతవరకూ చదివితే ఆవిడ గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ ఏరు ఆవిడ పుస్తకం కోసం ఆగలేదు. మేరీ పుట్టేనాటికే వెర్మాంట్ కొండల్లో అడవులు చాలామటుకు కొట్టేశారు, గొర్రెల మేతకూ కలపకూ. చెట్టునీడ పోతే ఏరు వేడెక్కుతుంది, మట్టి కొట్టుకొచ్చి అడుగున పేరుకుంటుంది. ఆ రాష్ట్రం వాడే జార్జ్ పెర్కిన్స్ మార్ష్ 1857లో ప్రభుత్వానికిచ్చిన నివేదికలో చేపలు తగ్గిపోవడానికి అడవుల నరికివేత ఒక కారణమని చెప్పాడు. మేరీకి అప్పుడు ఊయల వయసు. ఆ నీళ్ళలో అనాదిగా ఉన్న బ్రూక్ ట్రౌట్‌కు చల్లదనం ఎక్కువ కావాలి. పైగా అది కాస్త అమాయకపు చేప, ఎర్రగా మెరిసేదేదైనా ఎగబడి పట్టుకుంటుంది. మేరీ పటాల్లోని మెరుపుల ఫ్లైలన్నీ ఎక్కువగా దానికోసమే. అది తగ్గిపోతున్న రోజుల్లోనే 1883లో జర్మనీనుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు ఓడలో వచ్చాయి. అది కొంచెం వేడినైనా ఓర్చుకుంటుంది. కానీ మహా అనుమానం మనిషి, అనగా చేప. ఎరుపూ బంగారమూ చూస్తే దగ్గరకే రాదు. అసలు పురుగులా ఉండాలి, నీటిమీద తేలాలి.

1890లో థియోడోర్ గోర్డన్ అనే న్యూయార్కు రాష్ట్రపు వేటగాడికి ఇంగ్లండునుంచి హాల్‌ఫర్డ్ అనే ఆయన తేలే ఫ్లైల నమూనాలు పంపాడు. వాటిని చూసి గోర్డన్ అమెరికా ఏళ్ళలోని ఈగలకు తగ్గట్టు మార్చి కట్టడం మొదలుపెట్టాడు. బూడిదరంగు, గోధుమరంగు, తేలికగా తేలేవి. అంటే మేరీ పుస్తకం 1892లో బయటికొచ్చేనాటికే అందులోని సగం ఫ్లైలకు కాలం చెల్లడం మొదలైంది! ఇన్ని ఉత్తరాలు, ఇంత శ్రమ. ఇది తలుచుకుంటే నాకు కాస్త బాధే వేసింది. అయితే తరవాత వచ్చినవాళ్ళు వదిలేసింది ఆవిడ రంగులనే గానీ ఆవిడ పద్ధతిని కాదు. ఫ్లైకి ఒక పేరు, ఒక ఖాయమైన రూపం, ఎవరు ఎక్కడ ఏ నీటికి కట్టారన్న చరిత్ర. ఇప్పటికీ ఫ్లైల పుస్తకం ఏది తెరిచినా ఆ మూడూ అదే వరసలో ఉంటాయి.

మేరీ 1914లో పోయింది. సముద్రానికి అవతల లండన్‌లో వెలువడే ఫిషింగ్ గెజెట్ పత్రిక ఆవిడకు సంతాపం రాసింది. మరుసటి ఏడాదే తండ్రి చార్లెస్ కూడా పోయాడు. కంపెనీని కొడుకులు తీసుకున్నారు.

ఆ శనివారం మేము ఆ ఊళ్ళోనే ఉండిపోయాం. మర్నాడు పొద్దున్న ఆరింటికి ఏటి దగ్గరకు వెళ్తే ముందురోజు పెద్దావిడ అప్పటికే నీళ్ళలో ఉంది. మంచు పొగలా ఏటిమీద లేస్తోంది. రాత్రి చలికి నీళ్ళు 62 డిగ్రీలకు దిగాయట, మన లెక్కలో 17 దాకా. నువ్వుగింజ ఈగలు ఇంకా లేవలేదు. కాస్త ఎగువన సన్నటి పిల్లకాలువ ఒకటి వచ్చి కలుస్తోంది, ఆవిడ చూపంతా అక్కడే. చీమలాంటి నల్ల ఫ్లై ఒకటి కట్టి రెండుసార్లు విసిరింది, లాభం లేదు. దాన్ని విప్పేసి పెట్టెలో కాసేపు వెతికింది. ఆవిడ తీసిందేమిటో గట్టుమీంచే గుర్తుపట్టాను, ఎండపొడకి ఆకుపచ్చగా మెరిసింది. ఆగస్టు నీటిలో ఏ పురుగు పోలికా లేని ఆ సింగారం ఎందుకు పనిచేస్తుందో ఎవరూ సరిగా చెప్పలేరట, పనిచేస్తుందంతే. మూడో విసురుకి నీళ్ళు చిన్నగా ముడుచుకున్నాయి. జానెడు చేప, ఒంటిమీద ఎర్రచుక్కలు. చెయ్యి తడుపుకుని, దాన్ని నీళ్ళలోనే పట్టుకుని, కొక్కెం తీసి, ఏటికి ఎదురుగా కాసేపు నిలబెట్టి వదిలింది. అది కదలకుండా ఒక్క క్షణం అక్కడే ఉండి, రాళ్ళ నీడలోకి జారిపోయింది.

గట్టెక్కి వచ్చాక ఆవిడ ఆ ఫ్లైని వేళ్ళతో సవరించింది. నెమలి నూగు ఒక పోగు ఊడి వేలాడుతోంది. ఎర్రపట్టు మాత్రం బిగిసే ఉంది.